వల కర్ర మీద వాలింది

నేను ఒక సీతాకోకచిలుకల వలను. గొప్ప పుట్టుకేమీ కాదు నాది. చిరిగిన దోమతెర, పాత గొడుగు ఊచ, వెదురు కర్ర కలిస్తే నేను. నన్ను కుట్టింది రాజమండ్రి వకుళ గారు. కుట్టినంతసేపూ భర్తను తిడుతూనే ఉన్నారు.

ఆ భర్త భుజంగరావు మేష్టారు, సైన్సు చెప్పి రిటైరయ్యారు. పెళ్ళికి ముందెప్పుడో మారేడుమిల్లి అడవిలో, నల్లటి రెక్కల మీద నీలంపట్టీ వెలిగే సీతాకోకను చూశారట. మళ్ళీ అది ఎవరికీ కనబడలేదు. స్టాఫ్‌రూములో అందరూ నవ్వితే ఆయన పట్టించుకోలేదు. భార్య కూడా "కోతలు కొయ్యకండి" అనేసరికి మాత్రం ఆయనకు అన్నం సహించలేదు. ఒక్కసారి దాన్ని పట్టి, ఆవిడకు చూపించి వదిలేయాలి. ఇక వేరే కోరికే లేదాయనకు.

ఏటా వానలు తగ్గగానే నన్ను భుజాన వేసుకుని బస్సెక్కేవారు. నాలో పడినవల్లా ఎండుటాకులు, మిడతలు, ఒకసారి ఆయన కళ్ళజోడు. మనుషుల పట్టుదల చూస్తే నాకు నవ్వొచ్చేది, జాలీ వేసేది.

ఈసారి ఆవిడా వచ్చారు. మోకాళ్ళ నొప్పులని సణుగుతూనే వాగు దాకా నడిచారు. ఎండ మండిపోతోంది. మేష్టారు చెమటలు కక్కుతూ నా కర్ర పట్టుకుని నిలబడ్డారు. నేనేమో నోరు తెరుచుకుని ఆకాశంకేసి చూస్తున్నాను.

ఆ నీలంపట్టీ సీతాకోక వచ్చింది, కానీ నా నోటివైపు రానేలేదు. తిన్నగా కర్ర మీద, ఆయన చేతి పక్కనే వాలింది. ఆ చెమటలోని ఉప్పు కోసం! సన్నటి తొండం చాచి తాగుతోంది. రెక్కలు విప్పినప్పుడల్లా ఆ నీలం భగ్గుమంటోంది. నాకు భయమేసింది. ఇంత అందాన్నా నేను మూటగట్టాలనుకున్నది!

వల కర్ర మీదే వాలినదాన్ని ఆ వలతో ఎలా పడతారు? మేష్టారు కదల్లేదు. "వకుళా, ఫోటో తియ్యవే," అన్నారు గుసగుసగా.

ఫోను ఆవిడ చేతిలోనే ఉంది. ఆ చెయ్యి లేవలేదు. సీతాకోక కడుపారా తాగి, వాగు దాటి వెళ్ళిపోయింది.

"తీశావా?"

"లేదండీ."

"అయ్యో! అసలు చూశావా, అదీ లేదా?"

ఆవిడ కళ్ళు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి. చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి.

"చూశానండీ. ఇన్నేళ్ళూ మీరు తక్కువే చెప్పారు."