శివుడి పేరు, నాలుగక్షరాలు

ఫోన్లో పదాల ఆటకు నాకొక పద్ధతుంది. ఒత్తున్న అక్షరాన్ని ముందు పట్టుకోవాలి. అది ఎక్కడ పడితే అక్కడ ఇమడదు కాబట్టి మిగతావి దాని చుట్టూ చేరతాయి. ఆ రోజు ఆ పద్ధతే నన్ను ముంచింది.

కొడవలూరులో కోతలైపోయాయి. మా మామ వాకిట్లో వడ్లు తిరగేస్తున్నాడు. నేను వసారాలో ఫోను పట్టుకుని కూర్చున్నాను.

"శివుడి పేరు, నాలుగక్షరాలు" అని అడిగింది ఆట. కింద చం, రు, మౌ, త, ద్ర, ళి, కా. 'ద్ర' పట్టుకుంటే రుద్ర వచ్చి అక్కడే ఆగింది. 'మౌ' పట్టుకుంటే మౌనం తప్ప ఏమీ తోచలేదు. ఈ ఆట చేసినవాణ్ణి బాగా తిట్టుకున్నాను.

పక్కన చిక్కుడుకాయలు వలుస్తున్న మా అత్త వెంకటశేషమ్మ తొంగిచూసి నవ్వింది.

"తెలిస్తే చెప్పొచ్చు గదత్తా!" అన్నాను కోపంగా.

"నేనెట్ట చెప్పేదే?"

అప్పటికీ నాకు వెలగలేదు. పెళ్లయిన నాటినుంచీ మా మామ పేరు ఆమె పలకలేదు. నాకూ ఆయన మామే, పేరుతో పనిపడలేదు.

అత్త చేయి కొంగుకు తుడుచుకుని, ఒక్కో అక్షరాన్నీ వేలితో మెల్లగా కలిపింది. సరైన మాట దొరికితే ఆ ఆట పైకి చదువుతుంది.

"చంద్రమౌళి!" అని ఫోను గట్టిగా పలికింది.

"ఆఁ, వస్తన్నా!" అంటూ మామ లోపలికొచ్చాడు. "ఎవురు పిలిచింది?"

ఫోనని చెప్పబోయాను. అత్త కొంగు నోటికడ్డం పెట్టుకుని, "నేనే" అంది.