కునుకు అనకండి

ఫోన్‌కి కళ్ళుంటాయి. మనిషి అన్నం తిని, దిండు సరిచేసుకుని, రెప్ప వాల్చేదాకా అది నోరెత్తదు. వాల్చాక మాత్రం ఊరుకోదు.

మన గుమాస్తాగారి ఏడుపూ ఇదే. ఆయనది గొట్టాలు తయారుచేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగం. గొట్టం ఎక్కడ పగిలినా తిట్టు మాత్రం ఈయనకే తగులుతుంది. ఇన్నేళ్ళు తిట్లు తిన్నందుకు విభాగం పెద్ద కుర్చీ, అంటే చేతులున్న కుర్చీ, ఈ వారం తనకే వస్తుందని ఆశ. ఆ ఆశతోనే రాత్రుళ్ళు కంటిమీద కునుకు లేదు. చివరికి ఒక పూట సెలవు పెట్టి, మధ్యాహ్నం ఇంట్లో మంచమెక్కాడు.

భార్య ఉద్యోగానికి వెళ్ళింది కాబట్టి ఫోన్ అత్తగారి చేతిలో పెట్టాడు.

"ఆఫీసు నుంచి ఫోనొస్తే పడుకున్నానని చెప్పకండత్తయ్యా. పట్టపగలు పడకేశాడనుకుంటారు."

"కునుకు తీస్తున్నారని చెప్తాలే బాబూ."

"కునుకు అసలే వద్దు. అక్కడ వెనకాల నన్ను కునుకుగారనే పిలుస్తారు."

"పోనీ, నడుం వాల్చారంటాను."

"నడుం నొప్పి మనిషికి పెద్ద కుర్చీ ఎవరిస్తారు? ఏదైనా కాస్త గౌరవంగా చెప్పండి."

నిజానికి కునుకు వేరు, నిద్ర వేరు. నిద్రకి పక్క పరవాలి, దీపం ఆర్పాలి. కునుక్కి గోడ చాలు, బస్సులో పక్కవాడి భుజం చాలు. నిద్ర మనం పోతాం. కునుకు తనే వచ్చి పడుతుంది, మన తప్పేమీ ఉండదు. అందుకే మర్యాదస్తులు గురకపెట్టి లేచి కూడా "చిన్న కునుకు పట్టిందంతే" అంటారు. గుమాస్తాగారికి ఆ చిన్న మాట కూడా లేకుండా పోయింది.

ఫోన్ మోగింది. మేనేజరు. అత్తగారు అల్లుడి గురక వింటూ గౌరవమైన మాట కోసం వెతికింది.

"అల్లుడుగారు ఇప్పుడే కన్ను మూశారు నాయనా."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"అయ్యో. ఎలా జరిగిందమ్మా?"

"ఏముందీ, అన్నం తిన్నారు, మంచమెక్కారు, అంతే. మొహం ఎంత ప్రశాంతంగా ఉందో. ఇన్నాళ్ళూ మీ కుర్చీ గురించే బెంగ."

"గుండె దిటవు చేసుకోండమ్మా," అన్నాడు మేనేజరు. పెద్ద ఆఫీసుల్లో ఫోన్ పెట్టేముందు అలా అంటారు కాబోలు అనుకుంది ఆవిడ.

సాయంత్రం తలుపు కొట్టారు. గుమాస్తాగారే తీశాడు, చెంపమీద దిండు ముడతలతో. గుమ్మంలో మేనేజరు, వెనక పూలదండ పట్టుకుని పక్క సీటాయన. దండ చూడగానే గుమాస్తాగారి గుండె ఉప్పొంగింది. మెడ కాస్త ముందుకు వంచాడు కూడా.

ఎవరూ వెయ్యలేదు.

"నువ్వు... ఉన్నావా?" అన్నాడు మేనేజరు.

"ఉన్నానండి. లోపలికి రండి."

మేనేజరు గుమ్మంలోనే నిలబడి అత్తగారు ఫోన్లో అన్నది చెప్పాడు. "కుర్చీ నీకే అని చెప్దామనే ఫోన్ చేశానయ్యా. నువ్వు పోయావని పైకి రాసి, కుర్చీకి నా వెనకున్న ఇతని పేరు పంపేశాం. సంతకాలూ అయిపోయాయి."

"పోలేదని రాయండి సార్."

"ఇప్పుడు లేచొచ్చాడని రాస్తే ఆఫీసు పరువేం కాను? నీ పాత సీట్లో నువ్వు కూర్చో, పైవాళ్ళకి తెలీకుండా నేను చూసుకుంటాను."

గుమాస్తాగారు పక్క సీటాయన వైపు తిరిగాడు. "సంతాపం చెప్పుకున్నారా?"

"చాలాసేపు మౌనంగా నిలబడ్డాం గురూగారూ. ఒకరిద్దరు నిలబడే కునికారు."

"ఎవరూ ఏడవలేదా?"

పక్క సీటాయన దండలో పూలు సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ దాన్ని చెప్పుల స్టాండు మీద పెట్టాడు.

ఇప్పుడు ఆఫీసులో పెద్ద కుర్చీలో ఆ పక్క సీటాయనే మధ్యాహ్నం పూట తల వాల్చేస్తాడు. ఎవరైనా వస్తే "సార్ ఆలోచిస్తున్నారు" అని చెప్పాల్సింది గుమాస్తాగారే. ఇంట్లో ఈయన కళ్ళు మూస్తే చాలు, అత్తగారు ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది.

"ఉన్నారా బాబూ?"

"ఉన్నానత్తయ్యా."

ఆ మాటలో నమ్మకం రోజురోజుకీ తగ్గిపోతోంది. రెప్ప వాల్చడం మానేశాడు. మనిషి చిక్కి సగమయ్యాడు.

అయ్యా, అమ్మా, పరువూ ప్రాణమూ రెండూ పోకుండా పగటిపూట పడుకున్న మనిషి గురించి ఫోన్లో చెప్పదగ్గ మాట మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. కుర్చీ ఎలాగూ రాదు. ఒక్క కునుకైనా దక్కేలా చూడండి, మీకు దణ్ణం పెడతాను.