ఇద్దరూ ఒకరేనా

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళకి హైమ తన అక్క సత్యవేణిలో కలిసిపోతుంది. నొప్పేమీ ఉండదు. సత్యవేణికి జాకెట్టు భుజాల దగ్గర కాస్త బిగుతవుతుంది, అంతే.

అక్కచెల్లెళ్ళిద్దరికీ కాకినాడలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే షాపు ఉంది. సత్యవేణి కత్తిరిస్తుంది, హైమ కుడుతుంది. కంప్యూటరు నేర్చుకున్నది హైమ ఒక్కతే.

ఆ వేళ సత్యవేణి ఫోను తనలోని ఫోటోలు సర్దుకుంటూ, రెండు ముఖాలు పక్కపక్కన పెట్టి అడుగుతుంది: ‘ఇద్దరూ ఒకరేనా, వేరు వేరా?’ ఒకటి సత్యవేణిది, ఒకటి హైమది. సత్యవేణి చేతిలో కత్తెర ఉంది. సరిగా చూడకుండానే బొటనవేలితో ‘ఒకరే’ అని నొక్కేస్తుంది.

మిషను చక్రం తిరుగుతూనే ఉంటుంది. కుర్చీలో ఎవరూ ఉండరు.

"హైమా, ఎక్కడికెళ్ళావే?"

"ఇక్కడే ఉన్నానక్కా," అంటుంది సత్యవేణి నోరే.

మంగతాయారు గారు జాకెట్టు కోసం వస్తారు. "హైమగారూ, నాది అయిపోయిందాండీ?"

"నేను సత్యవేణినండీ. హైమ మా చెల్లెలు."

"చెల్లెలా? షాపులో ఎప్పుడూ మీరొక్కరే కదండీ!" ఆవిడ గోడ మీది ఫోటో చూపిస్తారు. అందులో సత్యవేణి ఒక్కతే నిలబడి, పక్కనున్న గాలి భుజం మీద చెయ్యి వేసి నవ్వుతోంది.

ఆవిడ వెళ్ళాక సత్యవేణి షట్టరు సగం దించి కూర్చుంటుంది.

"రోజంతా నా చేతిలోనే ఉంటుంది కదే ఈ ఫోను. మనం ఎవరో తెలీదా దీనికి?"

"అది చూడదక్కా, కొలుస్తుంది. కంటికీ కంటికీ ఎంత దూరం, ముక్కుకీ పెదవికీ ఎంత. కొలతలు దగ్గరగా ఉంటే ఒకరే అనుకుంటుంది. అనుమానమొస్తే మనల్ని అడుగుతుంది. మనమేం చెబితే అదే నేర్చుకుంటుంది."

"నేను చెప్పింది తప్పు కదే!"

"తప్పని దానికెలా తెలుస్తుంది? నిన్ను నమ్మింది పాపం."

ఒకే కొలత జాకెట్లు సత్యవేణి ఈ వీధిలో ఎంతమందికో కుట్టింది. ఒకరిది ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు. ఎలా గుర్తుపడతావని అడిగితే మాత్రం చెప్పలేదు.

"చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చింది ఎవరికే?" అని అడుగుతుంది.

"నాకే," అంటుంది నోరు. ఆ మాట తను అన్నదో చెల్లెలు అన్నదో సత్యవేణికి తెలియదు. మళ్ళీ పిలుస్తుంది. ఈసారి హైమ గొంతు దూరంగా, దిండు కింద నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది.

సత్యవేణి ఫోను తీస్తుంది. అది పాత ఫోటోల్లోంచి రెండేసి ముఖాలు పెట్టి, మర్యాదగా మళ్ళీ మొదటి నుంచీ అడుగుతుంది. సత్యవేణి ‘వేరు’ అని నొక్కుతుంది. షట్టరు కింద నుంచి వంగి ఒకామె లోపలికి వస్తుంది. రెండు జడలు, కాటుక చెదిరిన కళ్ళు. స్కూలు రోజుల సత్యవేణి.

"నువ్వు కాదమ్మా," అంటుంది సత్యవేణి. మళ్ళీ ‘వేరు.’ పెళ్ళినాటి సత్యవేణి వస్తుంది, బాసికం జారిపోతోంది. మళ్ళీ ‘వేరు.’ జ్వరంతో ఒకామె, కొత్త కళ్ళజోడుతో ఒకామె. అందరూ ఆమే. వాళ్ళు షాపు నిండి రోడ్డు మీదికి పొర్లుతారు. ఆటోలు హారన్ కొట్టకుండా పక్కనుంచి తప్పుకుపోతాయి.

"హైమని చూశారా? మా చెల్లెలు," అని సత్యవేణి ఒక్కొక్కరినీ అడుగుతుంది. ఒక్కొక్కరూ సత్యవేణినే చూపిస్తారు.

చివర్లో ఒకామె కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ఫోటో తీస్తున్నప్పుడు రెప్ప పడిందట. అప్పటి నుంచీ అలాగే ఉంది.

"తీసేశారాండీ? ఇంక తెరవచ్చా?"

తీస్తున్నది ఎవరో సత్యవేణికి తెలియదు. చెబుదామని నోరు తెరుస్తుంది. నోట్లోంచి ఫ్లాష్ వెలుగుతుంది. రోడ్డంతా సున్నం వేసినట్టు తెల్లబడి, అందరికీ ఒక్కసారే రెప్ప పడిపోతుంది.

ఆ ఒక్కామె మాత్రం కళ్ళు తెరుస్తుంది. ఒక కంట్లో సత్యవేణి, వేలెడంత, నిలబడి పిలుస్తోంది. ఇంకో కంట్లో హైమ పిలుస్తోంది. మధ్యలో ముక్కు ఉంది కాబట్టి ఒకరికొకరు కనబడరు.