సింగపూరుకి ఒకవైపు టిక్కెట్టు

మద్రాసు నుంచి సింగపూరు వెళ్ళే ఓడ మరమ్మతుకని ఆగిపోయిందన్న సంగతి బుల్లమ్మకి విజయనగరంలో, నరసింగరావు గదిలో తెలిసింది. నరసింగరావు ఒకప్పుడు రంగూనులో బతికి వచ్చినవాడు. స్టేషను దగ్గర చిన్న గది అద్దెకి తీసుకుని, సముద్రం దాటి వెళ్ళేవాళ్ళకి టిక్కెట్లూ పాస్‌పోర్టులూ చూసిపెడుతుండేవాడు. బుల్లమ్మకి పాస్‌పోర్టు తెప్పించింది కూడా ఆయనే.

"మళ్ళీ ఎప్పుడు కదుల్తాది బాబూ?" అంది పక్కన కూర్చున్న అసిరమ్మ. ఆమె బుల్లమ్మకి అత్త.

"పుష్యమాసం దాటాకేనటమ్మా. ఈ లోపల అక్కడ దిగడానికిచ్చిన అనుమతి కాయితం గడువు అయిపోతుంది. అక్కడి సర్కారు ఈ నెలాఖరు దాకానే ఇచ్చింది. అది పోతే మళ్ళీ ఇస్తారన్న నమ్మకం లేదు."

బుల్లమ్మ ఒళ్ళో చిన్నతల్లి నిద్రపోతోంది. ఓడ లేదన్న మాట వినగానే బుల్లమ్మ గుండె తేలికపడింది. ఆ వెంటనే తనమీద తనకే సిగ్గేసింది. పిల్లను కన్నతండ్రి దగ్గరకి చేర్చడానికి వచ్చి, చేర్చే దారి మూసుకుపోయిందని సంతోషించే మనిషిని ఏమనాలి?

చిన్నతల్లి ఆమె కన్నబిడ్డ కాదు, అక్క దేముడమ్మ కూతురు. దేముడమ్మ మొగుడు ఎల్లాజీ సింగపూరు రేవులో క్రేను నడుపుతాడు. తొలి కాన్పుకని పుట్టిల్లు భావనపాడు వచ్చిన దేముడమ్మ పురిటి జ్వరంతో పోయింది. అప్పటికే బుల్లమ్మ మొగుడు తుపానులో పడవతో సహా గల్లంతై కొన్నేళ్ళయింది. పిల్లాపాపా లేని బుల్లమ్మ అత్తగారింట్లోనే ఉండి, ఆమెతోపాటు ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సంతలు తిరుగుతోంది. అక్క పోయిన రోజు పసిగుడ్డును చీరచెంగులో చుట్టుకుని ఇంటికి వస్తూ, అత్త గుమ్మంలోనే ఆపేస్తుందేమోనని భయపడింది. అసిరమ్మ అప్పుడు చేపలు ఏరుతోంది. లేచి చేతులు కడుక్కుంది. వాసన చూసుకుంది. చింతపండు రాసి మళ్ళీ కడుక్కుంది. అప్పుడు పిల్లను అందుకుంది. ఆ తరవాత ఆ ఇంట్లో దానిగురించి చర్చే లేదు.

ఇప్పుడు ఎల్లాజీకి రేవువాళ్ళు ఇల్లిచ్చారు. పిల్లను తీసుకొచ్చి దింపమని, కొన్నాళ్ళు ఉండి అలవాటు చేసి వెళ్ళమని బుల్లమ్మకి రాశాడు. ఆమెకి రానూ పోనూ ఓడ ఖర్చు పంపాడు.

"ఓడ లేకపోతే ఇమానం ఉంటాది కదా," అంది అసిరమ్మ.

నరసింగరావు విమానం టిక్కెట్టు ఎంతో చెప్పాడు. ఆయన హాస్యమాడుతున్నాడనుకుని అసిరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"పిల్లదానికి ఫరవాలేదు. రెండేళ్ళు నిండలేదు గనక ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పదోవంతు చాలు. ఈ అమ్మాయి టిక్కెట్టే మనకి అందేలా లేదు." ఆయన లావుపాటి పుస్తకం తిరగేసి, కొలంబోమీదుగా వెడితే ఎంతో, కలకత్తా వెళ్ళి బ్యాంకాకుమీదుగా వెడితే ఎంతో చూశాడు. ఎటు తిప్పినా తగ్గలేదు. "ఒక వారం ఆగి రండి. మద్రాసులో లక్ష్ముడని నాకు రంగూను నాటి స్నేహితుడున్నాడు. విమానాల ఆఫీసుల చుట్టూ తిరగడమే అతని పని. కదిపి చూస్తాను."

ఆ వారమంతా అసిరమ్మ ఊరుకోలేదు. టెక్కలి బస్సులో కండక్టరును అడిగింది. శ్రీకాకుళం బజారులో బట్టలకొట్టు షావుకారును అడిగింది. "బాబూ, సింగపూరు ఇమానం సౌకగా ఏడ దొరుకుతాది?" అని ఆమె కొబ్బరికాయల ధర అడిగినంత మామూలుగా అడుగుతుంటే బుల్లమ్మ తల వంచుకుని దూరంగా నిలబడేది.

మళ్ళీ విజయనగరం వెళ్ళేసరికి నరసింగరావు ముఖం వెలిగిపోతోంది.

"దొరికిందమ్మా! మలయాలో మొన్నటి గొడవల తరవాత రబ్బరు తోటల్లో పనిచేసే మనవాళ్ళు చాలామంది తిరిగొచ్చేస్తున్నారు కదా. ఒక తోట యజమాని తన కూలీల కోసం విమానం అద్దెకి మాట్లాడాడు. అది వాళ్ళను మద్రాసులో దింపి, ఖాళీగా సింగపూరు పోతుంది. ఖాళీగా పోయే బదులు ఎంతోకొంతకి మనుషుల్ని ఎక్కించుకుంటామంటున్నారు. లక్ష్ముడు ఒక సీటు ఆపి ఉంచాడు." పుస్తకం పక్కన పెట్టాడు. "ఒకటే ఇబ్బంది. ఈ అమ్మాయి బావ పంపిన డబ్బంతా దీనికే సరి. తిరిగి రావడానికి ఏమీ మిగలదు."

"రావడం ఎవరిక్కావాలి?" అంది అసిరమ్మ.

బుల్లమ్మ దిగ్గున లేచి, పిల్లను చంకనేసుకుని బయటకి నడిచింది. అసిరమ్మ వెనకాలే వచ్చింది. టీకొట్టు పందిరి కింద బల్లమీద కూర్చున్న కోడలి పక్కన చతికిలబడింది.

"నన్ను వదిలించుకోవాలనున్నాదేటి అత్తా?"

"ఉన్నాది."

బుల్లమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకు, ఇను. నా కొడుకు నీతో కాపరం సేసింది ఒక్క ఏడు. ఆడి పేరు సెప్పుకుని నువ్వెన్నాళ్ళే నాతో ఎండుసేపలు మోస్తావు? నాకు ఇంకా ఇద్దరు కొడుకులున్నారు, కోడళ్ళున్నారు, ఇల్లంతా గోలే. నాకేటి లోటు? కానీ ఈ గుంటను అక్కడ దింపేసి నువ్వొక్కదానివీ వొట్టి సంకతో ఈ బస్సు దిగితే సూళ్ళేను. సూడమంటే నా వల్ల కాదు."

చిన్నతల్లి అసిరమ్మ ముక్కుపుడక పట్టుకుని లాగింది. ఆమె లాగనిచ్చింది.

"బావ నన్ను ఉండమన్లేదు కదత్తా."

"నువ్వుంటానన్నావేటి? నువ్వనలేదు, ఆడనలేదు. నానడుగుతాను."

"సిగ్గులేదేటి!"

"సిగ్గు మీకుండాలి. నాకెందుకు?" అని అసిరమ్మ లేచి నరసింగరావు గదిలోకి వెళ్ళిపోయింది.

ఆ పూటే టెలిగ్రాం వెళ్ళింది. జవాబు వచ్చేదాకా విజయనగరంలోనే అసిరమ్మ చెల్లెలింట ఉన్నారు. అక్కడ బుల్లమ్మకి అన్నం సయించలేదు. ఎల్లాజీని తలచుకుంటే ఒక్క సంగతే గుర్తుకొచ్చేది. పిల్లకి అప్పుడప్పుడే బోర్లాపడడం వస్తున్న రోజుల్లో సెలవు పెట్టి వచ్చాడు. అరుగుమీద కూర్చుని పిల్లను మోకాళ్ళమీద పడుకోబెట్టుకుని, దాని కాలివేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుని చూస్తూ పొద్దంతా గడిపాడు. ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. వెళ్ళేటప్పుడు, "నీకు కష్టమైతే సెప్పు బుల్లీ, దాయకు," అన్నాడు. అంతే. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏమీ లేదు. అయినా మరిచిపోలేదు.

జవాబు ఇంగ్లీషులో వచ్చింది. నరసింగరావు కళ్ళజోడు సర్దుకుని, ముందు తనలో తాను చదువుకుని, తరవాత తెలుగులో చెప్పాడు.

"'ఉండే సంగతి బుల్లమ్మనే అడగండి. ఉంటానంటే నాకు సంతోషం. వెళ్తానంటే ఓడ తిరగ్గానే నేనే పంపిస్తాను.'" ఆయన కాయితం కిందపెట్టి, "నిన్నే అడగమన్నాడమ్మా," అన్నాడు.

మొదటి పెళ్ళి కుదిరినప్పుడు బుల్లమ్మ ఒడ్డున వలలోంచి చేపలు విడదీస్తోంది. ఇంటికి వచ్చేసరికి తాంబూలాలు పుచ్చేసుకున్నారు. మొగుడు పోయాక ఎక్కడ ఉండాలో కూడా పెద్దలే అనుకున్నారు. అందరూ మంచివాళ్ళే, చెడు ఎవరూ తలపెట్టలేదు. కానీ నీకేం కావాలని ఆమెను ఎవరూ అడగలేదు. ఇప్పుడు సముద్రం అవతలనుంచి ఒక మనిషి అడిగాడు. అత్త, నరసింగరావు తనవంకే చూస్తూ కూర్చున్నారు.

"ఉంటానని రాయండి బాబూ," అంది చివరకి. "ఇంకో మాట కూడా రాయండి. గుంట నన్ను అమ్మా అంటాది. అలాగని మా అప్పని మరిసిపోకూడదు. ఇంట్లో ఆమె పటం ఉండాల. గుంటకి గ్యానం వచ్చాక, ఈమే నిన్ను కన్నాదని బావే సెప్పాల."

"టెలిగ్రాంలో ఇంత పొడుగు..." అన్నాడు నరసింగరావు.

"ఒక్క మాటా తగ్గించకు బాబూ," అంది అసిరమ్మ.

మద్రాసు దాకా అసిరమ్మ తోడు వచ్చింది. మీనంబాకంలో లక్ష్ముడు వాళ్ళను లోపలికి తీసుకెళ్ళి ఒక మూల కూర్చోబెట్టాడు. కాసేపటికి ఆ అద్దె విమానం దిగింది. అందులోంచి తోటల జనం రేకుపెట్టెలతో, పరుపుచుట్టలతో, చిక్కంలో కట్టిన గిన్నెలతో బయటకి వచ్చారు. వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియక గుంపుగా నిలబడిపోయారు. వాళ్ళలో బుల్లమ్మ ఈడు మనిషి ఒకర్తె అటూ ఇటూ చూస్తూ, పక్కనున్న మొగుడితో తెలుగులో, "ఇదేనేటి మన ఊరు?" అంది.

అసిరమ్మ చటుక్కున లేచింది. "ఏ ఊరమ్మా మీది?"

"ఇచ్చాపురం దగ్గరంట. నా పేరు కూర్మమ్మ. నాను అక్కడే తోటలో పుట్టాను, ఈ దేశం ఎప్పుడూ సూళ్ళేదు. ఈయనా సూళ్ళేదు."

"ఇచ్చాపురమా! నాది భావనపాడు. మనిద్దరికీ ఒకటే రైలు. పెట్టె దించు, అలా పట్టుకుని నిలబడితే సెయ్యి లాగుతాది. ఏటైనా తిన్నారా?"

విమానం ఎక్కడానికి పిలుపు వచ్చేసరికి అసిరమ్మ కూర్మమ్మ సామాను లెక్క చూస్తోంది. బుల్లమ్మ వంగి కాళ్ళకి దండం పెట్టబోతే భుజాలు పట్టుకుని లేవనెత్తింది. చిన్నతల్లి బుగ్గమీద ముద్దుపెట్టుకుంది. చాలాసేపు పెట్టుకుంది.

"ఎల్లు. నన్ను సూసి ఏడవకు, నాకు సేతినిండా పనున్నాది. ఈళ్ళని ఇచ్చాపురం సేర్చాల." అంటూనే కోడలి చెంగుతో తన కళ్ళు తుడుచుకుంది.

బుల్లమ్మ మెట్లు ఎక్కుతూ వెనక్కి చూసింది. కంచె అవతల అత్త నెత్తిన కూర్మమ్మ పరుపుచుట్ట పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చెయ్యి ఊపుతోంది.

సింగపూరులో దిగేసరికి వాన కురుస్తోంది. ఎల్లాజీ గొడుగుతో నిలబడి ఉన్నాడు. కాస్త చిక్కాడు, చెవుల దగ్గర జుట్టు నెరిసింది. చిన్నతల్లి కొత్తమనిషిని చూసి బుల్లమ్మ మెడ కరుచుకుంది. ఎల్లాజీ చేతులు చాచలేదు. గొడుగు విప్పి వాళ్ళిద్దరి మీదా పట్టుకుని, తాను తడుస్తూ పక్కన నడిచాడు.

"భయమేసిందా బుల్లీ?"

"ఇమానం లేచినపుడు ఏసింది. తరవాత గుంట తొంగుంది, నానూ కళ్ళు మూసుకున్నాను."

"అన్నం వండి ఉంచాను. సేపల పులుసు కూడా. ఎలా కుదిరిందో తెలీదు." కొంచెం దూరం నడిచాక నెమ్మదిగా, "దేముడమ్మ పటం గోడకి కట్టాను," అన్నాడు.

బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. చిన్నతల్లి బుల్లమ్మ భుజంమీదనుంచి అతన్ని చాలాసేపు చూసింది. తరవాత చెయ్యి చాచి, తడిసిన అతని చొక్కా బొత్తాన్ని ఒక వేలితో ముట్టుకుని, గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ వేలు మళ్ళీ వస్తుందేమోనని, ఎల్లాజీ బస్సు దిగేదాకా కదలకుండా కూర్చున్నాడు.