పదహారేళ్లు పలకని పేరు

కప్పు నిండా టీ పోయకూడదు. సగానికి తక్కువగా పోసి అందించాలి. తాగి వెనక్కిస్తే మళ్లీ సగం. నిండా పోస్తే "తాగేసి బయల్దేరండి" అన్నట్టు. అత్తింటికి కోడలై వచ్చిన పదహారేళ్లలో కురలాయ్ ఎన్ని వేల సగం కప్పులు పోసిందో! ఈ శనివారం మధ్యాహ్నం కూడా టీ నీళ్లు మరిగే సమోవార్ పక్కన కూర్చుని అదే పని చేస్తోంది గానీ, ప్రాణమంతా తివాచీ మీద బోర్లా పెట్టిన ఫోను మీదే ఉంది.

రాజధాని ఆస్తానాలోని ఒక కంపెనీ నుంచి ఫోను రావాలి. షేర్ల ధరలు ఎటు కదులుతాయో గణితంతో అంచనా కట్టే కంపెనీ అది. ఇప్పటికి మూడుసార్లు ఇంటర్వ్యూ చేసింది. ఆల్మటీ పైనున్న కొండల్లో, హిమానీనదం మీద కొయ్యలు పాతి ఏటేటా మంచు ఎంత కరిగిందో కొలిచే మనిషి, నలభై రెండేళ్లకి షేర్ల లెక్కల్లోకి దూకుతానంటే ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. "మంచును కొలిచిన చేత్తో జూదగాళ్లకి లెక్కలు చేసిపెడతావా?" అన్నాడు భర్త సాయన్. "ఈ వయసులో పోయి చిన్నపిల్లల ముందు వంగి సలాం చేస్తావుటే?" అంది అత్తగారు. కురలాయ్‌కి నవ్వొచ్చింది. ఈ గుమ్మం తొక్కిన రోజు నుంచీ చేస్తున్నది వంగి సలాములే కదా.

టీకి బావగారొచ్చారు. సాయన్‌కి అన్న, పరిశోధనాసంస్థలో మొగుడూపెళ్లాలిద్దరికీ పైఅధికారి. భర్త తరఫు పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదు. వాళ్లకో పిలుపు ఆమే కల్పించుకోవాలి. కొత్తపెళ్లికూతురుగా ఆమె ఆయన్ని "మీర్జా ఆగా" అంది, అంటే దొరగారని. అప్పుడు ముచ్చటగానే పెట్టింది. ఆఫీసులోనూ అదే అలవాటైపోయింది. ఇంటర్వ్యూల్లో కూడా "మా పెద్దాయన, మా పెద్దాయన" అంటూ నెట్టుకొచ్చింది.

తుఫానులకి కొండదారి మూసుకుపోతే నెలల తరబడి కొలతలుండవు. ఆ ఖాళీలను చుట్టూ ఉన్న కొలతల్ని బట్టి పూరించడమే కాక, ఆ పూరించినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా చెప్పే పద్ధతి ఒకటి ఆమె కనిపెట్టింది. కూతురికి ఆటలమ్మ పోసిన రోజుల్లో, ఒక చేత్తో పిల్ల ఒంటి మీద ఆకుపచ్చ మందు చుక్కలు పెడుతూ, ఇంకో చేత్తో రాసుకుంది. వ్యాసం అచ్చయ్యాక చూస్తే మొదటి పేరు మీర్జా ఆగాది, రెండోది సాయన్‌ది. ఆమె పేరు చిట్టచివర కృతజ్ఞతల్లో ఉంది, జీపు డ్రైవరు పేరు తర్వాత. "అందరం ఒకింటివాళ్లమే, ఎవరి పేరుంటే ఏం?" అన్నాడు సాయన్. ఆ రోజు తలూపింది. అలా ఊపినందుకు తన మీద తనకే ఇప్పటికీ కోపం. షేర్ల మీద ఆమెకి ప్రేమేం లేదు. ప్రేమంతా మంచు మీదే. ఆగస్టులో కొయ్యల చుట్టూ నీళ్లు పారే చప్పుడు ఇక వినబడదంటే గుండె పిండేసినట్టుంది. కానీ ఆ ప్రేమను చూసుకునే కదా ఇన్నేళ్లూ వాడుకున్నారు. రోజుల తరబడి అమ్మకాలే జరగని షేరు ధర కూడా తుఫాను నెలలాంటి ఖాళీయే అని తెలిసిన రోజు నుంచి ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు.

"కురలాయ్, ఆ పద్ధతి మీదే రెండో పేపరు వసంతానికల్లా రాసిపెట్టెయ్యమ్మా," అన్నారు బావగారు కప్పు చాస్తూ. "డైరెక్టరు పదవికి నా పేరు వెళ్తోంది. నేనోసారి చూసి పంపించేస్తాను."

"దానికేం, కూర్చుందంటే వారంలో రాసేస్తుంది," అంది అత్తగారు. "ఆ బౌర్సాక్‌లు ఇలా తేవే, చల్లారిపోతున్నాయి."

నూనెలో వేగిన ఆ పిండి ఉండల పళ్లెం కురలాయ్ ఒక చేత్తో ఆమె ముందుకి జరుపుతుండగా ఫోను మోగింది. ఆస్తానా నుంచి లరీసా, ఇంటర్వ్యూ చేసినావిడ.

"కురలాయ్ గారూ, శనివారం పూట విసిగిస్తున్నాను. మీరు మాకందరికీ నచ్చారు. ఒక్కటే చిక్కు. మీరు చేసి చూపించింది ఆ పేపర్లో పద్ధతే. దాని మీద మొదటి పేరు ఒరాజ్‌బెక్ గారిది, రాసినవాళ్లలో మీ పేరే లేదు. పద్ధతి ఆయనదైతే మేం అడగాల్సింది ఆయన్నే కదా. మీరేమో పెద్దాయన అంటారు తప్ప పేరే ఎత్తరు. అసలెవరిదండీ అది?"

వంటింటి తలుపు ఆరడుగుల దూరంలో ఉంది. అటెళ్లి మాట్లాడుకోమని సాయన్ కళ్లతోనే సైగ చేశాడు. బావగారు ఇంకా కప్పు చాచే ఉన్నారు. అటు వెళ్లి గుసగుసగా చెప్పొచ్చు. వచ్చి మళ్లీ సగం కప్పు పోయొచ్చు. వసంతానికి రెండో పేపరూ రాసేయొచ్చు. కురలాయ్ టీపాత్ర కింద పెట్టింది.

"ఆ పద్ధతి ఒరాజ్‌బెక్‌ది కాదు," అంది. "నాది."

అత్తగారి చేతిలో బౌర్సాక్ నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. బావగారు కప్పు కింద పెట్టేశారు.

"సరిగ్గా వినబడలేదండీ," అంది లరీసా. "ఎవరిది కాదన్నారు?"

కురలాయ్ లేచి నిలబడి, అందరికీ వినబడేలా మళ్లీ చెప్పింది. రెండోసారి ఆ పేరు పలకడం ఏమంత కష్టమనిపించలేదు.