కొత్త కోడలు మార్చిన స్ప్రింగులు

పెళ్లయిన కొత్త. ఆ అమ్మాయికి ప్రతిదీ ముద్దుగానే కనబడుతోంది. తన దువ్వెన పక్కన అతని దువ్వెన కనబడితే నవ్వొస్తుంది, ఉన్న ఒక్క పొడి తువ్వాలు కోసం ఇద్దరూ గుంజుకుంటే ఇంకా నవ్వొస్తుంది. ఆ ఆదివారం పొద్దున అతని పాత చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి, షెడ్డులో కారు కిందకి తొంగి చూస్తున్నప్పుడూ లోపల్లోపల అదే నవ్వు. పని మాత్రం నవ్వులాట కాదు.

కారు ముందు ఎడమ చక్రం మీది స్ప్రింగు విరిగింది. అడుగు చుట్టు తెగిపోయి, గతుకు వచ్చినప్పుడల్లా దబ్బుమని కొడుతోంది. ఆ దెబ్బ తిన్నగా వెళ్లి అత్తయ్య నడుముకు తగిలింది. అసలే ఆపరేషన్ అయిన నడుము. కిందటిసారి ఆ కారెక్కి వచ్చి మంచం పట్టింది. అప్పటినుంచి గడప దాటడమే మానేసింది. ఊరికి ఆ చివర ఉన్న సొంత అక్కతో కూడా ఫోన్లోనే మాటలు.

"స్ప్రింగులు నేను మార్చేస్తాను అత్తయ్యా. ఆదివారం సాయంత్రం మీ అక్కగారింటికి నేనే తీసుకెళ్తాను" అంది కోడలు.

"చూద్దాంలేమ్మా" అంది అత్తయ్య, దుప్పటి మడతపెడుతూ.

ఆ "చూద్దాంలే" కోడలి మనసులో ముల్లులా గుచ్చుకుంది. ఆమె గాలిమాట చెప్పలేదు. వాళ్లమ్మ బడి వ్యాను నడిపేది, దాని మరమ్మతులన్నీ తనే చేసుకునేది. అమ్మ పక్కన కూర్చుని ఇదే పని చేసిన చేతులు ఇవి. కాకపోతే ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరూ కళ్లారా చూడలేదు.

మామయ్య కుర్చీ తెచ్చుకుని షెడ్డు ముందు బైఠాయించాడు. నోటితో ఎంత సాయమైనా చేసే మనిషి.

"అమ్మాయ్, కారు పైకి లేపడం వచ్చు సరే. దింపడం వచ్చా?"

"పైకెక్కింది కిందకి రావడానికి ఎవరూ నేర్పక్కర్లేదు మామయ్యా. అది దానంతటది రాకుండా ఉండటానికే ఈ స్టాండ్లు" అంది ఆమె. వెనక చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు అడ్డం పెట్టింది. జాకీతో లేపి, రెండు పక్కలా ఇనుప స్టాండ్ల మీద కారును కూర్చోబెట్టింది. భుజం ఆనించి గట్టిగా నెట్టి చూసింది. కదలలేదు.

ఇక సహాయకుడు. మొగుడుగారికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. మనిషి ముక్కు మీద ఫ్రేము వెంట్రుకవాసి వంకరగా ఉన్నా సరిచేసేదాకా ఊరుకోడు. పానా పట్టుకోవడం మాత్రం జన్మలో ఇదే మొదలు. గరిటె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"ఒక్కటే రూలు" అందామె. "ఎవరు ‘ఆగు’ అన్నా రెండోవాళ్లు చేతులు తీసేసి వెనక్కి జరగాలి. ఎందుకు, ఏమిటి అని అడగకూడదు. మా అమ్మ పెట్టిన రూలు."

"మా నాన్న ముందు నువ్వు నన్ను ‘ఆగు’ అంటావా?"

"‘ఆగండి’ అని గౌరవంగా చెప్పేలోపు మీ వేలుండదు."

మామయ్య గుక్క తిప్పుకోలేక నవ్వాడు. "వినరా వెధవా! నలభై ఏళ్లలో మీ అమ్మ నాతో ఇంత బాగా చెప్పలేకపోయింది."

చక్రం ఊడింది. చుట్టూ స్ప్రింగు ఉన్న షాకప్పు గొట్టం బోల్టులు విప్పి, మొత్తంగా బయటికి తీసి నేల మీద పడుకోబెట్టారు. దాని నెత్తిన పెద్ద నట్టు.

"ఇది విప్పితే అయిపోయినట్టేగా" అని అతను ఉత్సాహంగా పానా చాచాడు.

"ఆగు!"

అతను చేతులు పైకెత్తేశాడు, పోలీసులు చుట్టుముట్టినట్టు.

"స్ప్రింగును అదిమి పట్టుకున్నది ఆ నట్టే. ఇప్పుడు విప్పితే మన చూరు కూడా మిగలదు. ముందు స్ప్రింగును నొక్కి కట్టేయాలి." విడిభాగాల కొట్టు నుంచి అద్దెకు తెచ్చిన పొడవాటి మరలు రెండు చూపించింది. వాటికి పైనా కిందా కొక్కేలు. ఎదురుబొదురుగా తగిలించి, ఇటు కొంచెం, అటు కొంచెం బిగిస్తూ పోవాలి. ఒక పక్కే బిగిస్తే స్ప్రింగు వంగుతుంది. వంగితే కొక్కెం జారుతుంది. స్ప్రింగు కొసలకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. "మామయ్యా, మీ కుర్చీ ఆ గోడ వెనక్కి."

"నాకేం కనబడదుగా!"

"అందుకే."

ఎడమ పక్క పని వెన్నలా సాగింది. పాతది ఊడింది, కొత్తది కూర్చుంది. దాని కొస కింది పళ్లెంలో గాడికి సరిగ్గా ఆనిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాకే నట్టు బిగించి, కొక్కేలు మెల్లగా వదిలింది.

"విరిగింది ఒకటైతే రెండోది ఎందుకే తల్లీ?" గోడ వెనక నుంచి మామయ్య.

"ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి అరిగిన చెప్పు వేసుకుని నడవండి చూద్దాం!"

రెండో పక్కకు వచ్చేసరికి ఆమెకు రెక్కలొచ్చినట్టుంది. అత్తయ్య వంటింటి కిటికీలోంచి చూస్తోందని కూడా తెలుసు. చెయ్యి చకచకా ఆడుతోంది. మామయ్య ఏదో అన్నాడు, ఈమె ఏదో అంటించింది, అందరూ నవ్వారు. నవ్వుల్లో చెయ్యి అటుపక్క మరను మరిచిపోయి ఇటే తిప్పుతోంది.

"ఆగు."

అతను అరవలేదు. దుకాణంలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"ఏమైంది? ఇంకో రెండు తిప్పులు తిప్పితే..."

అనేసి ఆమె నాలుక కరుచుకుంది. కిటికీలో అత్తయ్య ఉంది. గోడ మీదుగా మామయ్య తల లేచింది. ఈ ఒక్క క్షణం ఆగితే తనకు పని రాదని అనుకుంటారేమో. ఆ ఆలోచన వేడిగా చెవుల దాకా పాకింది. అయినా రూలు తనదే. పానా వదిలి వెనక్కి జరిగింది.

"పై చుట్టు ఎడమకు వాలింది" అన్నాడు అతను. "కళ్లజోడు ఒక చెవి మీద ఎత్తుగా కూర్చున్నట్టు."

పక్క నుంచి, దూరంగా వంగి చూసింది. నిజమే. స్ప్రింగు అరటికాయలా వంగుతోంది. అవతలి కొక్కెం చుట్టు మీంచి జారడానికి సిద్ధంగా, కొస పట్టున వేలాడుతోంది. రెండు తిప్పులు కాదు, ఒక్క తిప్పు చాలు.

"అందరూ లోపలికి."

అతను కదలలేదు. "నీ వెనకే ఉంటాను. ఎదురుగా కాదులే."

పక్కనుంచే చెయ్యి చాచి, బిగిసిన మరను కొంచెం కొంచెంగా వదిలింది. స్ప్రింగు నెమ్మదిగా నిటారైంది. మొత్తం వదులయ్యాక కొక్కేలు తీసి, మళ్లీ మొదటి నుంచి తగిలించింది. ఈసారి ఎవరూ జోకులు వేయలేదు. ఇటు ఒక అర తిప్పు, అటు ఒక అర తిప్పు. ప్రతి అర తిప్పుకూ అతను ఒక కన్ను మూసి చూసి "సరే" అన్నాడు. ఆ "సరే" ఆమెకు ప్రేమలేఖల కంటే బాగుంది.

మధ్యాహ్నం వాలేసరికి కారు నాలుగు చక్రాల మీద నిలబడింది. ప్రతి బోల్టూ మరోసారి సరిచూసింది. ఇద్దరూ వీధంతా నిదానంగా నడిపి చూశారు. చక్రాల వరస సరిచూసే షాపులో చూపించుకుని ఇంటికొచ్చారు. మసి మొహాలతో అద్దంలో ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు.

అత్తయ్య వాకిట్లో నిలబడి ఉంది. ఇస్త్రీ బట్టలు, చేతిలో సంచీ.

"అత్తయ్యా, మధ్యలో తప్పు చేశాను. మీరు చూశారు కదా..." అని మొదలుపెట్టింది కోడలు.

"చూశాను. వాడు ఆగమన్నాడు, నువ్వు ఆగావు. అది చూశాకే బట్టలు మార్చుకున్నాను. తలుపు తియ్యి."

కారు నడుస్తోంది. కోడలు చెవులు రిక్కించి నడుపుతోంది. ఎక్కడా దబ్బుమనలేదు. వెనక సీట్లో మామయ్య "మా కోడలు వేసిన స్ప్రింగులు" అని అప్పుడే ఎవరికో ఫోన్లో చెప్పేస్తున్నాడు. పక్కన కూర్చున్న కొడుకు "నా కన్ను సంగతి కూడా చెప్పు నాన్నా" అంటున్నాడు.

అత్తయ్య అక్కగారింటి బాల్కనీలో పెద్దావిడ నిలబడి చెయ్యి ఊపుతోంది. కోడలు బ్రేకు మీద కాలు పెట్టింది.

"ఆపకు" అంది అత్తయ్య, ముందు సీట్లో వెనక్కి వాలి. "ఇంకో చుట్టు తిప్పు. మా అక్క సరిగ్గా చూసినట్టు లేదు."