నీళ్లలో తలుపు

లెచింగై చేప నోట్లోకి జీలుగు బెండు ముక్క దూర్చి బొటనవేలితో నొక్కాడు. బెండు లేకపోతే చేప మునిగిపోతుంది, గద్దకు అందదు. లాడ్జి పడవలో కూర్చున్న తెల్లదంపతులు కెమెరాలు సవరించుకుంటున్నారు. అతను పొడుగ్గా ఈల వేసి చేపను విసిరాడు. నీళ్లలో నిలువునా ఎండిపోయిన తుమ్మచెట్టు మీంచి గద్ద జారి, గోళ్లతో చేపను ఎత్తుకుపోయింది. తెల్లామె చప్పట్లు కొట్టింది.

“అదిగో, ఆ మునిగిన ఇల్లు ఎవరిది?” అని అడిగింది.

“ఎవరిదో అమ్మా,” అన్నాడు లెచింగై.

ఇల్లు అతనిదే. తుమ్మచెట్టు కూడా అతని పెరట్లోదే. బరింగో సరస్సు ఏటికేడాది పైకొచ్చి మేకలదొడ్డిని, బడిని, తండ్రి సమాధిని మింగింది. ఇప్పుడు రేకుల కప్పు, తలుపు పైసగం మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కప్పు నీడన నీటిగుర్రాలు పడుకుంటాయి.

మనిషి సన్నం. తెడ్డు వేసీ వేసీ భుజాలు మాత్రం రాళ్లలా గట్టిపడ్డాయి. అరచేతుల్లో చేపవాసన ఎంత తోమినా పోదు. ఏ గొడవకూ పోనివాడు.

ఆ రోజు పొద్దున మెట్ట మీది గుడిసెలో సంకటి పెడుతూ భార్య నోలారి నిలదీసింది.

“రాత్రి దుమ్ములగొండి గుమ్మానికి కట్టిన గోనెపట్టా లాగేసిందయ్యా. నేను కర్రతో కొట్టకపోతే మనవరాలి కాలు పట్టుకునేదే. ఆ తలుపు తెస్తావా, ఇంకా దాన్ని నీళ్లకే కాపలా పెడతావా?”

“తెస్తానే. ఇవాళే తెస్తా.”

పర్యాటకుల్ని దించాక లాడ్జి మేనేజరు చెబొయ్ దగ్గర కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మోటారు పడవ ఒక్కసారి ఇప్పించయ్యా. తలుపు తెచ్చుకుంటాను.”

చెబొయ్ నవ్వాడు. “కుళ్లిన తలుపు కోసం పెట్రోలు తగలెయ్యమంటావా, ముసలోడా? గోనెపట్టా ఇంకోటి కట్టుకో.”

లెచింగై కూడా నవ్వాడు. పెద్దవాళ్లు నవ్వితే తనూ నవ్వడం అతనికి అలవాటు. తర్వాత తన జీలుగు తెప్ప నీళ్లలోకి తోసుకుని, నీటిగుర్రాలు తప్పుకోవాలని తెడ్డుతో అంచు మీద కొడుతూ వెళ్లాడు.

ఒడ్డున గుడ్డలుతికే ఆడవాళ్లు చూశారు. ఛాతీలోతు నీళ్లలో నిలబడి తలుపును చట్రంనుంచి పెకలించాడు. తెప్ప మీద అడ్డంగా వేసి తాడుతో కట్టాడు. ఇటు తిరిగాడు. వాళ్లలో ఒకామె “ఏం మావా, పెళ్లికూతుర్ని తెస్తున్నావా?” అని కేక వేస్తే చెయ్యెత్తి ఊపాడు కూడా.

ఆమె వంగి గుడ్డ పిండుకుని మళ్లీ తలెత్తేసరికి నీళ్ల మీద తెప్ప ఒక్కటే ఉంది. దాని చుట్టూ నీళ్లు గిరగిర తిరుగుతున్నాయి.

చెబొయ్ మోటారు పడవ తీశాడు. ఆ పూట పెట్రోలు మాట ఎత్తలేదు. చీకటిపడే దాకా రెల్లుపొదలన్నీ గాలించినా మనిషి దొరకలేదు. మొసళ్లు తిరిగే ఆ నీళ్లలో ఇక దొరకడని అందరికీ తెలుసు.

తెప్పను లాక్కొచ్చి తలుపును మెట్ట ఎక్కించారు. నోలారి ఏడవలేదు. మనవరాలిని లోపల పడుకోబెట్టి, తలుపును తనే గుమ్మానికి అడ్డంగా ఆనించి, వీపు దానికి చేర్చి కూర్చుంది.

ఊరు వదిలిన రోజున లెచింగై ఇంటికి తాళం వేశాడు. తాళంచెవి నడుముకు కట్టుకున్నాడు, ఆనాటి నుంచీ విప్పలేదు. చట్రంనుంచి ఊడొచ్చిన కొక్కెంతో సహా, తుప్పుపట్టిన ఆ తాళం తలుపుకి వేసింది వేసినట్టే వేలాడుతోంది.